కార్డు మీద కడుపుమంట

ఏడేళ్లపాటు నా నోటికి కాఫీ అందకుండా పోవడానికి కారణం మా మామగారు కాదు. ఆయన హోమియోపతీ కాదు. నా కడుపు అంతకన్నా కాదు. ఎవరేమడిగినా, ఎదుటివాడి మొహం చూసి, అతనికి ఏ జవాబు ఇష్టమో ఆ జవాబే చెప్పే నా నోరు. నోరు చేసిన తప్పుకు నోటికే శిక్ష పడింది కాబట్టి న్యాయమే జరిగిందనుకోవాలి. కానీ ఆ న్యాయం రుచి మాత్రం బాగుండలేదు.

పంతొమ్మిదివందల యాభైల మొదట్లో నా పెళ్లయింది. అమ్మాయిది హిందూపురం. నేను ధర్మవరం రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాను. కొత్తల్లుడినని పిలిచి భోజనం పెట్టారు. మా ఆవిడ వాళ్ల అవ్వ, అంటే మా మామగారి తల్లి, నేతిగిన్నె పట్టుకుని నా విస్తరి ముందు కూర్చుంది. "ఇంగొక ఓళిగ వేస్తానప్పా" అంది. అవునన్నాను. "ఇంగొకటి" అంది. అవునన్నాను. ఆ అవునుల లెక్క పదకొండు బొబ్బట్ల దాకా పోయింది. బెల్లానికి పేరుపడిన ఊరు, కొత్తల్లుడికి పేరు పోకూడని రోజు. నాకూ ఆగడం తెలియలేదు, అవ్వకూ ఆపడం తెలియలేదు.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని ఉండగా, నా ప్రమేయం లేకుండా, పుల్లటి తేపు ఒకటి పెద్దగా వచ్చింది. అత్తారిల్లు కదా, సిగ్గుతో చచ్చిపోయాను. తల తిప్పి చూస్తే మా మామగారు నా వైపే చూస్తున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. అల్లుడికి తేపు వస్తే అంతగా సంతోషించిన మామగారిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆయన ముప్పై ఏళ్లు బెల్లం మండీలో కాటా దగ్గర నిలబడిన మనిషి. ఆ పని మానుకున్నాక, మణుగులకొద్దీ బెల్లం తూచిన ఆ చేతులతో ఆవగింజంత గుళికలు పంచడం మొదలుపెట్టారు. ఎక్కడో అట్ట ఊడిన హోమియో పుస్తకం ఒకటి సంపాదించారు. టేకు పెట్టె ఒకటి చేయించి, బిరడాలు బిగించిన చిన్న చిన్న సీసాలు వరసగా నిలబెట్టారు. అన్నీ ఉన్నాయి. తగ్గిన రోగులే లేరు. ఊళ్లో ఆయన దగ్గర గుళికలు తీసుకున్నవాళ్లు ఉన్నారు గాని, తగ్గిందని వచ్చి చెప్పినవాళ్లు లేరు.

"ఏమప్పా, తేపు పుల్లగా వస్తాందా, చేదుగా వస్తాందా?" అన్నారు, అప్పటికే పుస్తకం తెరిచి.

"పుల్లగా, మామా."

"ఇట్ల బయట గాలికి కూసుంటే సుకంగా ఉండాదా?"

"ఉంది."

"దప్పి అయితాందా?"

పదకొండు ఓళిగలు తిన్నవాడికి దప్పిక కాకుండా ఎలా ఉంటుంది? రాత్రి చెంబెడు నీళ్లు తాగాను. కానీ ఆయన వేలు పుస్తకంలో ఒక వరస మీద ఆగి ఉంది, తల కాదన్నట్టు కొద్దిగా అటూ ఇటూ ఊగుతోంది. "అస్సలు కాదు" అన్నాను. వేలు సంతోషంగా కింది వరసకు దిగింది.

"ఒంటరిగా ఉంటే ఏడుపొస్తాందా?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. ఇరవై నాలుగేళ్ల మగవాణ్ని, ప్రభుత్వ ఉద్యోగిని. కానీ ఆ వేలు ఆ వరస మీదే ఆగి ఉంది. తప్పిపోయిన ఆవుదూడ మెడ గంట వినిపించిన మనిషిలా ఆయన ఊపిరి బిగబట్టారు. "అప్పుడప్పుడు" అన్నాను.

"ఎవురన్నా ఊరడిస్తే?"

"వెంటనే తగ్గుతుంది."

ఆయన పుస్తకం మూసి కళ్లకద్దుకున్నారు. "పల్సటిల్లా" అన్నారు. ఆ మందు పేరును దూరపు చుట్టాన్ని సంతలో గుర్తుపట్టినట్టు అన్నారు. "నెయ్యి పడదు, దప్పి ఉండదు, గాలి కావల్ల, ఏడుపు కావల్ల, ఊరడింపు కావల్ల. ఒక్క అక్షరం తప్పిపోలేదప్పా. పుస్తకం రాసినాయప్ప నిన్ను చూసే రాసినాడు."

లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. "పదకొండు ఓళిగలు తిన్నోనికి తేపు రాక తేనె వస్తాదా? రోంత సొంటి నీళ్లు తాపిస్తే దిగిపోతాది."

"నువ్వు ఊరికుండమ్మా. అది కడుపు రోగం గాదు. మనిషి తత్వం."

"ఏడ్చే తత్వమా? పెండ్లిచూపుల్లో చెప్పకపోతిరే" అంది అవ్వ.

ఆయన చిన్న కాగితం మడతలోకి నాలుగు గుళికలు వంచి, చెయ్యి తగలకుండా నా నాలుక మీద వేశారు. పుల్లని తేపుకు తియ్యని మందు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తేపులు ఆగిపోయాయి. ఓళిగలకు కూడా ఒక ఆయుష్షు ఉంటుంది కదా, అది తీరింది. కానీ ఆ ఘనత గుళికలకు దక్కింది.

సాయంత్రం పెట్టె మూసేముందు ఆయన మెల్లగా చెప్పారు. "ఈ మందుకు కాఫీ శత్రువు. ఇంగ నువ్వు తాగగూడదు. ఇంట్లో వాసన గూడ రాగూడదు. ఇంగువ, కర్పూరం అంతే. మందు చూస్తే ఆవగింజంత, పథ్యం చూస్తే ఆవు అంత అనుకోవద్దు. తత్వం మారిందాకా తప్పదు."

తత్వం మారడానికి ఎంతకాలం పడుతుందని నేనడగలేదు. ఎప్పటిలాగే అవునన్నాను.

నేను కాఫీ లేకుండా బతకలేని మనిషినని ఇక్కడ చెప్పాలి. పెళ్లికి ముందు ఆఫీసు పక్కన హోటల్లో పొద్దున ఒకటి, పదకొండుకు ఒకటి, మూడుకు ఒకటి, ఇంటికి పోతూ మనసాగక ఒకటి తాగేవాణ్ని. ఇత్తడి లోటాలోకి పైనుంచి పోస్తే నురగ ఎగిసే ఆ కాఫీయే నా ఉద్యోగానికి అసలు జీతమని నేననుకునేవాణ్ని.

నిజం చెప్పేయవచ్చు కదా అంటారు. మొదటి నెలలోనే చెప్పబోయాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. నేను గొంతు సవరించుకునేలోపల ఆమే అంది, "నాయన మందుతో బాగైనోళ్లలో మీరే మొదటోళ్లంట. ఊరంతా చెప్పుకుంటాండాడంట. ఇన్నేండ్లకు ఆయన మొహంలో కళ వచ్చిందని అవ్వ గూడ అనింది." సవరించుకున్న గొంతును అలాగే మింగేశాను.

అసలు కష్టం పోస్టుకార్డులతో మొదలైంది. మామగారు హిందూపురంలో, రోగి ధర్మవరంలో. వైద్యం జరగాలంటే లక్షణాలు రైలెక్కాలి. ప్రతి ఆదివారం నేను కార్డు రాయాలి, బుధవారానికి ఆయన జవాబు వస్తుంది. గుళికలు మాత్రం కవరులో పొట్లం కట్టి వచ్చేవి. ప్రశ్నలకు కవరెందుకని ఆయన అభిప్రాయం. వైద్యంలో దాచేదేముంది, తూకం అందరి ముందూ వేయాలి అనేవారు. మండీ అలవాటు.

ఆ కార్డులు ఇలా ఉండేవి: "చిరంజీవి అల్లునికి ఆశీస్సులు. తేన్పు భోజనమునకు ముందా, వెనుకనా? ఛాతీ మంట కుడి పక్కనా, ఎడమ పక్కనా? ఈ వారము ఎన్ని పర్యాయములు ఏడ్చితివి? ఎవరు ఊరడించిరి? కాఫీ ముట్టలేదు కదా. ఉభయకుశలోపరి."

ఏమీ లేదని రాస్తే ఆయన దిగులుపడి రెండు కార్డులు రాసేవారు. అందుకని ఏదో ఒకటి కల్పించి రాసేవాణ్ని. ఒక వారం మంట ఎడమ పక్కన అని రాశాను. రాసిన మర్నాటినుంచి నిజంగానే ఎడమ పక్కన మొదలైంది. కుడి పక్కకు మార్చి రాశాను, అదీ మారింది. అంత విధేయత గల మంటను నేను చూడలేదు. నా కడుపు కూడా నాలాగే, అడిగినదానికల్లా అవునంటోంది.

మా పోస్టుమ్యాను మంచి మనిషి. కార్డు చదివిగాని ఇచ్చేవాడు కాదు. చదివిందాన్ని తనలోనే దాచుకునే స్వార్థం అతనిలో లేదు. "సార్, ఈ వారం ఎడమ పక్కనంట గదా, కుడి పక్కకు తిరిగి పండుకోండి" అని వీధిలోనే సలహా చెప్పేవాడు. మూడు నెలల్లో ఊరికంతా తెలిసిపోయింది. ఆఫీసులో పెద్ద గుమాస్తా ఒక ఫైలు తప్పుపట్టి నన్ను కోప్పడబోయి, ఏదో గుర్తొచ్చి ఆగి, నా వీపు నిమిరాడు. "పోనీలేప్పా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. మగ్గం ఆపి బయటికొచ్చిన మా పక్కింటి నేతాయన నన్ను చూస్తే చాలు, "ఏమబ్బా, ఈపొద్దు మనసు బాగుండాదా?" అని అడిగేవాడు. ఆ రోజుల్లో ధర్మవరంలో నన్ను ఊరడించని మనిషి లేడు. నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

అయినా ఆఫీసు పక్క హోటల్ ఉంది కదా, ఎవరికి తెలుస్తుందిలే అని ఒకరోజు పోయి బల్ల ముందు కూర్చున్నాను. హోటలాయన స్వయంగా వచ్చాడు.

"ఏమి కావాల సార్?"

"ఒక కాఫీ."

ఆయన గొంతు తగ్గించాడు. "మీకు కాఫీ వద్దని మీ మామ రాసినాడంట గదా సార్. ఒక మనిషి తత్వం చెడగొట్టిన పాపం నాకెందుకు? మజ్జిగ తాగండి."

మజ్జిగ తాగాను. వెళ్లేటప్పుడు ఆయన కూడా నా వీపు నిమిరాడు.

ఇంట్లో దేవుడికి హారతి ఇచ్చేటప్పుడు మా ఆవిడ నన్ను వీధిలోకి పంపేది, కర్పూరం వాసన తగలకుండా. దేవుడు లోపల, భక్తుడు బయట. కాఫీ పొడి కొనడమే మానేసింది. "మీరు తాగనిది నాకెందుకు?" అంది. ఆ త్యాగానికి నా గుండె కరిగింది. రోజూ మూడింటికి మాత్రం పూలు కట్టుకొస్తానని పక్కింటికి పోయేది. తిరిగొచ్చేటప్పుడు మొహం తేటగా ఉండేది. పూలు కట్టడంలో అంత మంచి ఉందని అప్పుడే తెలుసుకున్నాను.

నన్ను బతికించింది పెనుకొండ. డివిజను ఆఫీసు అక్కడ. నెలకొకసారి కాగితాల కట్ట పట్టుకుని పొద్దున రైల్లో పోయి సాయంత్రం రావాలి. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య ఉన్న ఆ ఊరిమీదుగానే మా కార్డులన్నీ పోయేవి. కానీ మూటల్లో ఉండి పోయేవి. రైలు ఆగేది గాని కార్డు దిగేది కాదు. కాబట్టి ఆ ఊళ్లో నా కడుపు సంగతి ఒక్కడికి కూడా తెలియదు. నన్ను చూసి ఎవరూ జాలిపడేవారు కాదు. కొండ కింద బజారులో ఒక చిన్న హోటలుంది. నెలకొక్కరోజు అక్కడ కూర్చుని, ఇరవైతొమ్మిది రోజుల కాఫీ ఒక్కపూటలో తాగినంత నెమ్మదిగా, ఒక్క లోటా కాఫీ తాగేవాణ్ని. తర్వాత సోంపు నములుతూ రైలెక్కేవాణ్ని. ఆదివారం కార్డులో "కాఫీ ముట్టలేదు" అని రాసేటప్పుడు చెయ్యి కాస్త వణికేది. మామగారు ఆ వణుకును కూడా లక్షణాల్లో చేర్చుకున్నారు.

ఇలా ఆరేళ్లు దాటి ఏడో ఏడు నడుస్తోంది. ఎండాకాలం, పట్టపగలు. పెనుకొండ హోటల్లో నా మామూలు మూలలో కూర్చున్నాను. లోటా చేతికి వచ్చింది. నురగ పెదవికి తగిలింది. అప్పుడు స్తంభానికి అటుపక్కనుంచి ఒక తేపు వినిపించింది.

తేపుల్లో నాకు ఏడేళ్ల అనుభవం ఉంది. అది పుల్లటి తేపు. పాతది. ఎడమ పక్కది.

"ఇంగొక సోడా కొట్టప్పా. రోంత ఉప్పేయి" అన్నాడు ఆ మనిషి.

ఆ గొంతు విని నా చేతిలో కాఫీ ఆగిపోయింది. వంగి చూశాను. మా మామగారు. ముందర ఆకులో బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీల తొడిమలు, ఒక ఖాళీ గోలీసోడా సీసా, చేతిలో రెండోది. పుస్తకం ప్రకారం కారం వద్దు, నూనె వద్దు, సోడా అయితే నీచవైద్యమని నాకు ఒక కార్డు నిండా రాసిన మనిషి.

ఆయన కూడా నన్ను చూశారు. సీసా మెడలో గోలీ అటూ ఇటూ దొర్లుతూ టకటకమంటోంది.

"ఏమప్పా, అది?" అన్నారు చివరికి.

"కాఫీ, మామా. మీది?"

"సోడా."

నేను లోటా ఎత్తుకుని ఆయన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన తొడిమల్ని ఉగ్గాని కిందకు తోశారు.

"ఎన్నాళ్లుగా, మామా?"

"పదేండ్లయింది. నువ్వు రాకముందునుంచే ఉండాది" అన్నారు ఆయన, నేల చూపులు చూస్తూ. "హిందూపురంలో సోడా తాగితే డాక్టరే సోడా తాగుతాండాడు అంటారు. అందుకే ఈడికొస్తా."

"మీ పెట్టెలో మందు లేదా?"

"ఎవుని మందు వానికి పనికిరాదప్పా. ఎవురన్నా ఇంగొకరు కేసు తీసుకోవల్ల. అది పద్ధతి. నన్నెవురు తీసుకుంటారు? మా ఊర్లో ఈ పుస్తకం తెలిసినోళ్లు యాడుండారు?" ఇంకా చిన్నగా అన్నారు. "నీకు తగ్గింది. నీకు తగ్గిందనే ధైర్యంతోనే ఇన్నాళ్లు పెట్టె తెరుస్తాండా."

ఆ మాటకు నా దగ్గర ఉన్న నిజమంతా మళ్లీ గొంతులోనే ఉండిపోయింది. పదకొండు ఓళిగల సంగతి ఆ రోజు కూడా చెప్పలేదు. ఇంతవరకూ చెప్పలేదు. కానీ నా చేతిలో కాఫీ చల్లారుతోంది. మనిషి మంచితనానికి కూడా వేడి ఉన్నంతసేపే గడువు.

"మామా, మీ కేసు నేను తీసుకుంటాను" అన్నాను.

ఆయన తలెత్తారు.

"ఏడేళ్లుగా మీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. ప్రశ్నలన్నీ నాకు నోటికి వచ్చు. మీరు చెప్పండి, నేను పుస్తకంలో చూస్తాను. కాకపోతే ఒక్క చిక్కుంది. రోగికీ వైద్యుడికీ ఒకే పథ్యం కుదరదు. వైద్యుడికి తెలివి నిలబడాలంటే కాఫీ ఉండాలి. నా తత్వం మారిందని మీ చేత్తో ఒక ముక్క రాయాలి. మీ కూతురు మీ అక్షరాన్ని తప్ప నమ్మదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. బెల్లం ముద్దలో రాయి ఉందేమోనని చూసే చూపు అది. ఆ చూపు మెల్లగా నవ్వులోకి దిగింది. "కాటా సరిపోయిందిలే" అన్నారు. నా కాఫీ చల్లారిపోయిందని చూసి, "ఈయనకు ఇంగొక కాఫీ తేప్పా" అని కేకేశారు కూడా.

బుధవారం కార్డు వచ్చింది. పోస్టుమ్యాను దాన్ని పరుగున తెచ్చాడు. "సార్, మీ తత్వం మారిపోయిందంట" అన్నాడు. మా ఆవిడ కార్డు రెండుసార్లు చదివి, అక్షరం వాళ్ల నాయనదేనని వెలుతురులో పట్టి చూసింది. అందులో ఉన్నది ఇంతే: "అల్లుని లక్షణములు మారినవి. ఏడుపు నిలిచినది. ఇక కాఫీ తాగవచ్చును."

అరగంటలో ఇంట్లో కాఫీ వాసన వచ్చింది. ఏడేళ్లుగా కాఫీ కలపని చెయ్యి కదా, ఎలా ఉంటుందోనని భయపడుతూ నోట్లో పోసుకున్నాను. పెనుకొండ హోటలాయన సిగ్గుపడేంత బాగుంది. నేను ఆమె మొహంలోకి చూశాను. "ఇంత బాగా ఎట్లా చేస్తివి?" అన్నాను.

"చెయ్యి మరిచిపోతాదా?" అంది, లోపలికి పోతూ. పక్కింటి పూల సంగతి నాకప్పుడు అర్థమైంది. నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఆ ఇంట్లో నిజం ఎవరిచేతా చెప్పించుకోకుండా చాలా సుఖంగా ఉండేది.

ఇక నా మాట నేను నిలబెట్టుకోవాలి కదా. ఆ ఆదివారం బల్ల ముందు కూర్చుని కార్డు తీశాను. కవరు కొనలేదు. వైద్యంలో దాచేదేముంది? హిందూపురం పోస్టుమ్యాను వయసు మళ్లినవాడని, చత్వారమని విన్నాను. అతను కష్టపడకూడదని అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాశాను.

"పూజ్యులైన మామగారికి నమస్కారములు. మీ తేన్పు మిరపకాయ బజ్జీలకు ముందా, వెనుకనా? గోలీసోడా తాగిన పిమ్మట నెమ్మదించుచున్నదా? ఈ వారము ఎన్ని పర్యాయములు ఏడ్చితిరి? ఎవరు ఊరడించిరి? ఈ కార్డును అవ్వగారికి కూడా చదివి వినిపించగలరు. జవాబు కార్డు మీదనే రాయగలరు."

ఎడమచేతిలో కాఫీ లోటా ఉంది. రాస్తూ రాస్తూ వంచితే ఒక చుక్క కార్డు మీద, సరిగ్గా ఆయన చిరునామా పక్కన పడింది. మంచి చిక్కటి చుక్క, చుట్టూ గోధుమరంగు అంచు కట్టింది. మా ఆవిడ గుడ్డ అందించింది.

నేను తుడవలేదు.